గోపీతో పాటు వెళ్లిన శిల్పి

2024 మే 19, ఆదివారం. రాత్రి ఎనిమిది దాటేసరికి మా విజయవాడ టీవీల్లో ఒకటే పేరు: తోటకూర గోపీచంద్. బెజవాడలో పుట్టి, అమెరికాలో పైలట్ అయిన మనవాడు బ్లూ ఆరిజిన్ వాళ్ల రాకెట్‌లో పైకెళ్లి, పది నిమిషాల్లో కిందికొచ్చాడు. తొలి భారతీయ అంతరిక్ష పర్యాటకుడన్నారు. మా వీధి వీధంతా పొంగిపోయింది, నేనూ పొంగిపోయాను. కానీ పశ్చిమ టెక్సాస్ ఎడారిలో క్యాప్సూల్ తలుపు తీసి ఆరుగురినీ ఒక్కొక్కరిగా దింపుతుంటే, నా చూపు వాళ్లలో ఒక పెద్దాయన మీదే నిలిచిపోయింది. ఆయన పేరు ఎడ్ డ్వైట్. అప్పటికి ఆయనకు 90 ఏళ్లు. చేసే పని శిల్పాలు చెక్కడం, కంచు పోత పోయడం.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. నీటిరంగులు నా ప్రాణం. అంతరిక్షం మీద ఇష్టం కూడా నాకు బొమ్మల దారిలోనే పుట్టింది. అందుకే డబ్బిచ్చి పైకి వెళ్లివచ్చే ఈ కొత్త యాత్రల గురించి ఎక్కడ చదివినా నాలో ముందుగా లేచే ప్రశ్న ఒకటే: ఆ కిటికీ దగ్గర కూర్చునే అవకాశం బొమ్మ గీసేవాళ్లకు ఎవరిస్తారు? ఇస్తే వాళ్లు ఏం తెస్తారు?

డ్వైట్ కథలో ఈ ప్రశ్నకు సగం జవాబుంది. కాన్సస్ సిటీలో 1933లో పుట్టాడు. అమెరికా వైమానిక దళంలో చేరి, విమాన ఇంజినీరింగ్ డిగ్రీ తెచ్చుకుని, జెట్ విమానాలు నడిపాడు. 1961లో కెన్నెడీ ప్రభుత్వం వ్యోమగాముల్లో ఒక నల్లజాతి యువకుడు ఉండాలనుకుంది. ఆ వెతుకులాటలో డ్వైట్ దొరికాడు. ఎడ్వర్డ్స్ స్థావరంలో, చక్ యేగర్ నడిపిన శిక్షణ పాఠశాలలో చేరాడు. పత్రికల ముఖచిత్రాల మీదికెక్కాడు, ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. వైమానిక దళం ఆయన పేరును సిఫారసు చేసింది. కానీ 1963లో నాసా ఎంచుకున్న పద్నాలుగు మందిలో ఆయన లేడు. 1966లో సైన్యానికి రాజీనామా ఇచ్చి వచ్చేశాడు. అమెరికా నుంచి ఒక నల్లజాతి వ్యోమగామి పైకెళ్లడానికి 1983 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ వెళ్లింది గయాన్ బ్లూఫర్డ్.

బయటికొచ్చాక డ్వైట్ కొన్నాళ్లు ఐబీఎంలో ఉద్యోగం చేశాడు, హోటల్ నడిపాడు, ఇళ్లు కట్టించాడు. నలభై దాటాక శిల్పకళలోకి వచ్చాడు. కొలరాడో రాష్ట్రపు తొలి నల్లజాతి లెఫ్టినెంట్ గవర్నర్ జార్జ్ బ్రౌన్ తన విగ్రహం చెయ్యమని అడగడంతో దారి తెరుచుకుంది. 1977లో డెన్వర్ విశ్వవిద్యాలయం నుంచి కళలో ఎంఎఫ్ఏ తీసుకున్నాడు. ఆ తర్వాత ఆగలేదు. బానిసత్వం నుంచి పారిపోయే వాళ్లను రహస్య దారుల్లో దాటించిన హారియెట్ టబ్‌మన్ స్మారకం మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ స్మారకం డెన్వర్‌లో, టెక్సాస్ నల్లజాతి ప్రజల చరిత్ర స్మారకం ఆస్టిన్‌లో. ఇలా నూటికి పైగా. జాజ్ సంగీతకారుల మీద చేసిన కంచు బొమ్మల్లో ఆయన ఒక పని చేస్తాడు. శరీరంలో కొంత భాగాన్ని పొయ్యకుండా ఖాళీగా వదిలేస్తాడు. ఆ ఖాళీ గుండా వెనకాల గోడో, ఆకాశమో కనిపిస్తుంటే, అక్కడ లేని చెయ్యిని మన కన్నే పూరించుకుంటుంది. ఆ బొమ్మల ఫొటోలు మా పిల్లలకు చూపించి, వదిలెయ్యడం కూడా గీయడంలో భాగమేనని చెబుతుంటాను.

ఈ మనిషికి అరవై ఏళ్ల తర్వాత కిటికీ సీటు దొరికింది. టికెట్ ఆయన కొనుక్కోలేదు. స్పేస్ ఫర్ హ్యుమానిటీ అనే స్వచ్ఛంద సంస్థ, ఒక దాతృత్వ నిధి సాయంతో ఆ సీటు ఖర్చు భరించింది. 90 ఏళ్ల 8 నెలల వయసులో వెళ్లి, అంతరిక్షం చేరిన వాళ్లందరిలోకీ పెద్దవాడయ్యాడు. దిగాక ఆయన అన్న మాటల సారం నాకు గుర్తుండిపోయింది. ఇది నా జీవితానికి అవసరం లేదనుకుంటూ వచ్చాను, అది అబద్ధం, నాకిది నిజంగా అవసరమే అన్నాడు.

ఇక్కడ ఒక విషయం వివరంగా చెప్పాలి. గోపీ, డ్వైట్ వెళ్లిన ప్రయాణం భూమి చుట్టూ తిరిగేది కాదు. న్యూ షెపర్డ్ అనే ఆ రాకెట్ ఇంజిన్ రెండు నిమిషాలు దాటి కాసేపు మండి ఆగిపోతుంది. క్యాప్సూల్ దాన్నుంచి విడిపోయి, విసిరిన వేగంతోనే ఇంకా పైకి పోతుంది. నూరు కిలోమీటర్ల ఎత్తులో గీసుకున్న కార్మన్ రేఖ అనే ఊహా సరిహద్దు దాటి కొంచెం పైకెళ్లి, మళ్లీ కిందికి పడటం మొదలవుతుంది. ఆ పైకిపోవడంలోనూ పడటంలోనూ క్యాప్సూలూ మనుషులూ ఒకే తీరున కదులుతారు కాబట్టి, లోపలున్న వాళ్లకు బరువు తెలియదు. గాలిలో తేలతారు. అది మూడు, నాలుగు నిమిషాలు. తర్వాత పారాచూట్లు. ఆ రోజు మూడింటిలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు, అయినా అందరూ క్షేమంగా దిగారు. 2021 జులైలో మన గుంటూరు ప్రాంతంలో పుట్టిన బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో చేసినదీ ఇలాంటి ప్రయాణమే, 86 కిలోమీటర్ల ఎత్తుకు. ఆమెది పర్యాటకం కాదు, ఆ సంస్థ ఉద్యోగిగా మొక్కల ప్రయోగం చేతపట్టుకుని వెళ్లింది.

రెండో రకం ప్రయాణం కక్ష్యలోకి. గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతూ, రోజుకు పదహారు సూర్యోదయాలు చూస్తూ, రోజుల తరబడి ఉండేది. 2001లో డెనిస్ టిటో అనే అమెరికన్ వ్యాపారి రష్యా సోయుజ్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి ఈ దారి తెరిచాడు. సుమారు 2 కోట్ల డాలర్లు కట్టాడని అప్పట్లో వార్త.

అంత డబ్బు ఎందుకు పెడతారు? తేలడం కోసం కొందరు, పేరు కోసం కొందరు. కానీ తిరిగొచ్చిన వాళ్ల మాటలు వరసగా చదువుతూ పోతే, చివరికి అందరూ వచ్చి ఆగేది చూపు దగ్గరే. పట్టపగలు, సూర్యుడు మండుతుండగా, ఆకాశం నల్లగా ఉంటుంది. వెలుతురును చెదరగొట్టడానికి అక్కడ గాలి లేదు కదా. భూమి అంచున ఆ గాలి అంతా ఒక పలచని నీలి గీత. మనం ఊపిరి పీల్చేది ఆ గీతలోనే. ఇది చూసినవాళ్ల మనసులో వచ్చే మార్పుకు ఫ్రాంక్ వైట్ అనే రచయిత 1987లో ఒక పుస్తకమే రాసి పేరు పెట్టాడు. అందరికీ అది ఆనందమే కాదు. స్టార్ ట్రెక్ సీరియల్లో కెప్టెన్ కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ 2021 అక్టోబరులో, తన 90వ ఏట బ్లూ ఆరిజిన్‌లో వెళ్లాడు. పైన ఆ నలుపు చూస్తే చావు కనిపించిందని, దిగాక తనను ముంచెత్తింది దుఃఖమని తర్వాత రాసుకున్నాడు. దశాబ్దాల పాటు నటనలో బతికిన మనిషి కాబట్టి ఆ భావాన్ని దాచకుండా చెప్పగలిగాడనిపిస్తుంది నాకు. మిగతావాళ్లు అద్భుతం, మహాద్భుతం అని ఊరుకుంటారు.

చూపు దొరికితే చాలదు. దాన్ని చేతిలోకి తెచ్చుకోవడానికి వ్యవధి కావాలి. అంతరిక్షంలో బొమ్మ గీసిన మొదటి మనిషి అలెక్సీ లియోనోవ్. 1965 మార్చి 18న, వోస్ఖోద్-2 నౌక నుంచి బయటికొచ్చి, మనుషుల్లో అందరికంటే ముందు శూన్యంలో నడిచినవాడు ఆయనే. పన్నెండు నిమిషాలు. లోపలి గాలి ఒత్తిడికి సూటు ఉబ్బిపోతే, అందులోని గాలిని కొంత వదిలేసి, ప్రాణాలకు తెగించి లోపలికి దూరాడు. అంత జరిగాక, అదే ప్రయాణంలో రంగు పెన్సిళ్లు తీసుకుని సూర్యోదయం గీశాడు. పెన్సిళ్లు తేలి పోకుండా దారాలతో కట్టుకున్నాడు. చిన్న కాగితం. భూమి వంపు మీద ఎరుపు, దాని మీద పసుపు, ఆపైన నీలం, ఆపైన నలుపు. నేను ఆ బొమ్మను పుస్తకంలోనే చూశాను. గీతల్లో చెయ్యి తొందర తెలుస్తుంది. ఆయన నేల మీద వేసిన పెద్ద పెద్ద తైలవర్ణ చిత్రాలన్నింటికంటే నాకు ఇదే ఎక్కువ. ఫొటోలో ఆ రోజుల్లో పట్టుబడని రంగుల వరసను ఒక మనిషి కన్ను, జ్ఞాపకం చల్లారకముందే, కాగితం మీద దింపింది.

నీటిరంగుల సంగతి మరీ చిత్రం. మా పిల్లల్ని ఒక్కోసారి తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజి దగ్గరికి తీసుకెళ్లి ఆకాశం వేయిస్తాను. తడిపిన కాగితం మీద పై అంచున చిక్కటి నీలం పెట్టి, అట్టను కొద్దిగా వాల్చి పట్టుకుంటే రంగు దానంతటదే దిగి, కింద నదిని తాకేచోటికి పలచనైపోతుంది. ఆ పని మా చెయ్యి కాదు చేసేది, భూమి ఆకర్షణ. ఒకసారి ఒక ఏడో తరగతి అమ్మాయి అట్ట వాల్చి పట్టుకుని, "టీచర్, అంతరిక్షంలో అయితే రంగు ఎటు కారుతుంది?" అని అడిగింది. దానికి జవాబు నికోల్ స్టాట్ అనే వ్యోమగామి చేసి చూపించింది. 2009లో అంతరిక్ష కేంద్రంలో ఉన్నప్పుడు ఆమె తనతో చిన్న నీటిరంగుల పెట్టె తీసుకెళ్లింది. అక్కడ గిన్నెలో నీళ్లు నిలవవు. సంచిలోంచి ఒక చుక్క బయటికి తీస్తే అది గుండ్రటి బంతిగా నిలుస్తుంది. నీటి తలతన్యత దాన్ని అలా పట్టి ఉంచుతుంది. కుంచె దగ్గరికి తెస్తే బంతి కుంచెను అంటుకుంటుంది. రంగులో ముంచితే రంగు బంతి అవుతుంది. కాగితానికి ఆనిస్తే కాగితం దాన్ని పీల్చుకుంటుంది. ఎటూ కారదు. కింద అనేదే లేదు కాబట్టి చిత్రకారిణి లాగిన చోటికే రంగు పోతుంది. వెనిజువెలా తీరంలోని లాస్ రోకెస్ దీవుల పచ్చని, నీలి అలను ఆమె అలా వేసింది. బొమ్మ పేరు 'అల'. అంతరిక్షంలో వేసిన మొదటి నీటిరంగుల బొమ్మ అదే.

అప్పుడే, అదే కేంద్రానికి ఒక పర్యాటకుడు వచ్చాడు. గై లాలిబెర్టే. కెనడాలోని క్యూబెక్ వీధుల్లో అకార్డియన్ వాయిస్తూ, కొయ్యకాళ్ల మీద నడుస్తూ, నోట్లోంచి నిప్పులూదుతూ బతికి, 1984లో సర్క్ డు సోలెయ్ అనే సర్కస్ స్థాపించి కోటీశ్వరుడైనవాడు. ఎర్రటి విదూషకుడి ముక్కు పెట్టుకుని పైకెళ్లాడు. 2009 అక్టోబరు 9న అక్కడి నుంచే ఒక ప్రదర్శన నడిపించాడు. ఐదు ఖండాల్లో, పద్నాలుగు నగరాల్లో కళాకారులు పాడారు, ఆడారు, చదివారు. నీటి గురించి యాన్ మార్టెల్ రాసిన కథ దానికి దారం. తాగునీరు లేని ఊళ్ల కోసం తాను పెట్టిన సంస్థకు ప్రచారంగా చేశాడు. కేంద్రం కిటికీల్లోంచి తీసిన భూమి ఫొటోలతో 2011లో 'గాయా' అనే పుస్తకం వేశాడు. ఆ ఫొటోల్లో ఎడారి ఇసుక తిన్నెలు, నదీ ముఖాలు ఏ వస్తువో గుర్తుపట్టలేనంత నైరూప్యంగా ఉంటాయి. ఒకే కేంద్రంలో ఒకేసారి ఇద్దరు. ఒకరు ప్రపంచమంతా చూసే ప్రదర్శన నడిపారు, ఒకరు అరచేతిలో పట్టే కాగితం మీద ఒక అల వేశారు. ఆ ప్రదర్శన గొప్ప ఉద్దేశంతో జరిగింది, కాదనను. కానీ పైకి వెళ్తే తప్ప చేయలేని పని ఏది అంటే, నేను ఆ కాగితాన్నే చూపిస్తాను.

పర్యాటకుల వైపు నుంచి అలాంటి కాగితం వేసింది షాన్ ప్రాక్టర్. అపోలో రోజుల్లో తండ్రి గువామ్ దీవిలో నాసా ట్రాకింగ్ కేంద్రంలో పనిచేస్తుంటే అక్కడ పుట్టింది. అరిజోనాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో భూవిజ్ఞానం చెప్పే ప్రొఫెసర్. 2009లో నాసా ఎంపికలో చివరి దశ దాకా వెళ్లి ఆగిపోయింది. 2021లో జారెడ్ ఐజాక్‌మన్ అనే వ్యాపారి స్పేస్ఎక్స్ నుంచి ఒక డ్రాగన్ నౌక ప్రయాణాన్ని మొత్తంగా కొనుక్కుని, నాలుగు సీట్లలో ఒకటి పోటీకి పెట్టాడు. ప్రాక్టర్ తన బొమ్మలతో, తాను రాసిన కవితతో పోటీకి వెళ్లి గెలిచింది. సెప్టెంబరులో మూడు రోజులు, అంతరిక్ష కేంద్రం కంటే ఎత్తున, 575 కిలోమీటర్లు దాటిన కక్ష్యలో తిరిగింది. నౌకను నడిపిన తొలి నల్లజాతి మహిళ కూడా ఆమే. ఆ నౌక ముక్కు భాగంలో, కేంద్రానికి అతుక్కునే చోట, గాజు గోపురం బిగించారు. తల అందులో పెడితే చుట్టూ ఏ అడ్డూ లేదు. ఆ ప్రయాణంలోనే ఆమె నీటిరంగులతో బొమ్మ వేసింది. డ్వైట్‌లాగే ఈమె కూడా ప్రభుత్వ ఎంపికలో ఆగిపోయి, మరొకరి డబ్బుతో వెళ్లిన మనిషి. ఈ కొత్త యాత్రల్లో నాకు కనిపించే మేలు ఇది. నాసా తలుపు మూసిన చోట ఇంకో తలుపుంది.

ఆ తలుపు తాళం మాత్రం ఒక్కరి చేతిలో ఉంది. జపాన్ వ్యాపారి యుసాకు మయెజావా కథ చూడండి. బట్టల వెబ్‌సైట్‌తో సంపాదించిన డబ్బుతో బొమ్మలు కొంటాడు. 2017లో బాస్కియా వేసిన ఒక చిత్రానికి 11 కోట్ల 5 లక్షల డాలర్లు పెట్టాడు. 2018లో స్పేస్ఎక్స్ నుంచి చంద్రుణ్ని చుట్టివచ్చే ప్రయాణం మొత్తం కొని, దాన్లో కళాకారుల్ని తీసుకెళ్తానన్నాడు. పికాసో చంద్రుణ్ని దగ్గర్నుంచి చూసుంటే ఏం వేసేవాడు అని అడిగాడు. ఆ ప్రశ్న విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఒక కొనుగోలుదారు ఇలా ఆలోచించడం నేనెప్పుడూ వినలేదు. పది లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిది మందిని ప్రకటించారు. ఫొటోగ్రాఫర్లు రియానన్ ఆడమ్, కరీమ్ ఇలియా, సంగీతకారుడు స్టీవ్ అవోకీ, మన దేశపు టీవీ నటుడు దేవ్ జోషి వాళ్లలో ఉన్నారు. మయెజావా మాత్రం అంతకు ముందే, 2021 డిసెంబరులో, సోయుజ్‌లో కేంద్రానికి వెళ్లి పన్నెండు రోజులుండి వచ్చాడు. చంద్రుడి దగ్గరికి తీసుకెళ్లాల్సిన స్పేస్ఎక్స్ రాకెట్ స్టార్‌షిప్ ఎప్పటికి సిద్ధమవుతుందో తెలియలేదు. 2024 జూన్ 1న, అంటే గోపీ, డ్వైట్ వెళ్లొచ్చిన రెండు వారాలకు, ఆ చంద్రయాత్ర రద్దయిందని ప్రకటించారు. ఆ ఎనిమిది మందీ ఏడాదిన్నర పాటు ఆ చూపు కోసం మనసు సిద్ధం చేసుకుని ఉంటారు. ఒక ప్రకటనతో అంతా అయిపోయింది. రాకెట్ తయారుకాకపోవడం ఎవరి తప్పూ కాదు. కానీ ఆ సీట్లు ఒక మనిషి ఇష్టానికి కట్టి ఉన్నాయి కాబట్టే, ఆయన వద్దనుకున్న రోజున వాటికి దిక్కు లేకపోయింది.

ఈ డబ్బుతో ఎన్ని బళ్లు కట్టొచ్చో అనే మాట మా స్టాఫ్‌రూమ్‌లో తప్పకుండా వస్తుంది. వాళ్ల కోపం నాకు అర్థమవుతుంది, మా బడిలో డ్రాయింగ్‌కు గది కూడా లేదు. అయినా ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. ధనవంతులు ఎలాగూ వెళ్తున్నారు. వెళ్లే నౌకలో ఆరు సీట్లుంటే, వాటిలో ఒకటి ఎవరిది కావాలన్నదే నాకు ముఖ్యం.

పది నిమిషాల యాత్రలో ఆ సీటు ఇచ్చినా చిత్రకారులకు పెద్దగా పనికిరాదని నా అభిప్రాయం. బెల్టు విప్పి, తేలి, కిటికీ దగ్గరికి చేరి, చూసేలోగా తిరిగి కూర్చోమంటారు. 2025 ఏప్రిల్ 14న గాయని కేటీ పెర్రీ మరో ఐదుగురు మహిళలతో అలాగే వెళ్లింది. చేతిలో డైసీ పువ్వు, నోట ఒక పాట. ఆ పాట నేల మీదే నేర్చుకుని వెళ్లింది, అక్కడ పుట్టింది కాదు. పుట్టే వ్యవధి ఆమెకెవరూ ఇవ్వలేదు. డ్వైట్ విషయం వేరు. ఆ కిటికీ కోసం అరవై ఏళ్లు లోపల్లోపల పనిచేసిన కన్ను ఆయనది. ఆ మూడు నిమిషాలు ఒక జీవితకాలపు పని మీద పడ్డ వెలుతురు.

నాకే ఒక సీటు ఇచ్చే అధికారముంటే షరతులు ఇలా పెడతాను. కక్ష్యలో కనీసం వారం రోజులు. దాని ఖర్చు ఒక్కరి జేబులోంచి కాకుండా, డ్వైట్‌కు దొరికినట్టు ఒక సంస్థ నుంచి, ముందే జమ చేసి ఉంచిన నిధి నుంచి రావాలి. అప్పుడు ఎవరో మనసు మార్చుకున్నా సీటు పోదు. వెళ్లేవాళ్లను పేరుప్రఖ్యాతులు చూసి కాక, వేసిన పని చూసి ఎంచాలి, నలభై దాటినవాళ్లయితే మరీ మంచిది. పైన వాళ్లకు ప్రత్యక్ష ప్రసారాలు, ప్రకటనలు ఉండకూడదు. ఒక గాజు గోపురం, దారంతో కట్టిన పెన్సిళ్లు, చిన్న రంగుల పెట్టె, నీళ్ల సంచి, దళసరి కాగితాలు ఇవ్వాలి. తిరిగొచ్చాక ఏడాది పాటు ఏం తెచ్చారని ఎవరూ అడగకూడదు. వేసిన బొమ్మలు అమ్మకానికి పోకూడదు. మొదట బళ్లకు పంపాలి. మా ఏడో తరగతి అమ్మాయిలాంటి పిల్లలు ముక్కు ఆనించి చూడగలిగే ఎత్తులో తగిలించాలి, రంగు ఎటూ కారకుండా కాగితం మీద ఎలా నిలబడిందో వాళ్లే వెతికి పట్టుకుంటారు.